హెచ్‌.ఐ.వి. గలవారి మూత్రపిండములు

డిసెంబరు 1 వ తేదీ మా కేంద్రమునకు జన్మదినము. 1948 వ సంవత్సరమున ఆ దినముననే విజయవాడనుండి ఆకాశవాణి ప్రసారములు మొదలైనవి. 1988 నుండి అదే తేదీని లోకమంతటను ఎయిడ్సు దినముగా పాటించుచున్నారు. ఈ రెండును ఒక్క తేదీన కలసివచ్చుటచేత, ఈ మాసపు ప్రసంగమునకు ఆ వ్యాధికి సంబంధించిన విషయమునే ఎన్నుకొంటిమి. అయితే అది ఎట్లు సోకును, ఎట్లు సోకదు అను మాటలను శ్రోతలు అనేక పర్యాయములు వినియే యున్నారు. వానిని మరల చెప్పబోము. వ్యాధి సోకిన పిమ్మట పదేండ్లు, పదునైదేండ్లు మందు పుచ్చుకొనుచు, పని చేసికొనుచు, పిల్లలను పెంచుకొనుచు జీవించుచున్నవారి సంగతి నేడు మాకు ముఖ్యము. వారి మూత్రపిండములకు కలుగు చిక్కు లేవి, వానికి చికిత్స యేమి అనునదే ఈ ప్రసంగ విషయము.

మన దేశమున ఈ వ్యాధిని మొదట గుర్తించినది 1986 లో, చెన్నపట్టణమున. ఆ తరువాత పదునెనిమిదేండ్లపాటు మందు కొనగలిగిన కొలదిమందికి తప్ప తక్కినవారికి ఆశ లేకుండెను. 2004 ఏప్రిల్ 1 వ తేదీనుండి ప్రభుత్వము ఉచితముగ మందు లిచ్చుట ప్రారంభించినది. అంతటితో పరిస్థితి మారినది. 2021 నాటి జాతీయ అంచనాల ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ఈ వ్యాధితో జీవించుచున్నవారు సుమారు 3 లక్షల 20 వేలమంది. సంఖ్యలో మహారాష్ట్ర తరువాత మన రాష్ట్రమే నిలచినది. దేశము మొత్తముమీద పెద్దవారిలో వెయ్యిమందికి ఇద్దరు చొప్పున ఉండగా, మన రాష్ట్రమున వెయ్యింటికి ఆరేడుగు రున్నారు. చెన్నపట్టణమునుండి కలకత్తాకును, హైదరాబాదునుండి బందరుకును పోవు రహదారులు విజయవాడలో కలియుచున్నవి. అందుచేత రాకపోకలతోపాటు వచ్చు రోగములు ఈ సీమకు ముందుగనే వచ్చినవి. 2004 లో ముప్పది యేండ్ల వయస్సున మందు మొదలుపెట్టినవారు నేడు ఏబదిని దాటినవారు. ఆయుర్దాయము పెరిగినది. పెరిగిన ఆయుర్దాయమునకు తగినట్లుగ గుండె, కాలేయము, మూత్రపిండములు కూడ నిలువవలెను గదా.

ఇందులో ఒక ప్రమాదము దాగియున్నది. ఏండ్లతరబడి రాత్రి భోజనానంతరము ఒక బిళ్ళ వేసికొని సుఖముగ నున్న మనిషికి ఒకనాడు రక్తపరీక్ష కాగితముపై క్రియాటినిన్ 1.4 అని కనబడును. ప్రక్కవారు "ఆ బిళ్ళలే నీ కిడ్నీలను తినివేసినవి" అందురు. ఆ మాట విని అతడు బిళ్ళ మానివేయును. కొలది వారములలో రక్తమున అణగియున్న వైరసు మరల విజృంభించును. మరియొకరు బిళ్ళ మానరు గాని పరీక్షకు పోరు. ఒంటిలో ఏ బాధయు లేదుగదా యని ఊరకుందురు. వారి మూత్రపిండములు చప్పుడు లేకుండ చెడిపోవును. ఈ రెండు త్రోవలును అపాయకరములే. ఈ రెంటికిని నడుమ క్షేమమైన త్రోవ యొకటి యున్నది. దానిని చూపుటయే మా ఉద్దేశము.

మూత్రపిండము చేయు పని

కృష్ణా డెల్టా వాసులకు మూత్రపిండముల పని తెలియజెప్పుట కష్టము కాదు. 1855 లో విజయవాడవద్ద ఆనకట్ట పూర్తియైనప్పటినుండి మన పొలములకు రెండు విధములైన కాలువ లున్నవి. నీరు తెచ్చునది పంట కాలువ. వాడగా మిగిలిన నీటిని సముద్రమునకు చేర్చునది మురుగు కాలువ. పంట కాలువ నిండుగ పారుచున్నను, మురుగు కాలువ పూడిపోయినచో చేను కుళ్ళిపోవును. దేహమునకు మూత్రపిండములు మురుగు కాలువల వంటివి. అయితే మన మురుగు కాలువ చేయలేని పని యొకటి యివి చేయును. పోవుచున్న నీటిలోనుండి పనికివచ్చు పదార్థములను ఏరి తిరిగి లోనికి తీసికొనును.

నడుమునకు ఇరుప్రక్కల వెన్నెముక నంటి యుండు ఈ పిండములలో ఒక్కొక్కదానియందు సుమారు పది లక్షల సూక్ష్మయంత్రము లున్నవి. ప్రతి యంత్రమునకును రెండు భాగములు. మొదటిది సన్నని రక్తనాళముల గుచ్ఛము. ఇది జల్లెడ వంటిది. రక్తములోని నీరు, ఉప్పులు, చక్కెర, మలినములు దీనిగుండ క్రిందికి దిగును. రక్తకణములు, మాంసకృత్తులు దిగవు. రెండవ భాగము ఆ జల్లెడకు దిగువనున్న సన్నని గొట్టము. దీనిని నాళిక యందురు. జల్లెడగుండ దినమునకు దిగు నీరు సుమారు 180 లీటర్లు. మనము విసర్జించు మూత్రము ఒకటిన్నర లీటరు మాత్రమే. తక్కిన నీటిని, అందులోని చక్కెరను, ఫాస్ఫేటును, ఉప్పులను నాళికలే తిరిగి రక్తమునకు అప్పగించుచున్నవి.

కావున మూత్రపిండమునకు దెబ్బ తగులు స్థానములు ముఖ్యముగ రెండు. జల్లెడ చిరిగినచో మాంసకృత్తులు మూత్రములోనికి కారిపోవును. నాళిక చెడినచో తిరిగి రావలసిన ఫాస్ఫేటు, చక్కెర మొదలగునవి పోవును. ఈ భేదమును శ్రోతలు జ్ఞప్తియం దుంచుకొనవలెను. హెచ్‌.ఐ.వి. వైరసు ప్రధానముగ జల్లెడను దెబ్బతీయును. దానికి వాడు ఒకానొక మందు నాళికను దెబ్బతీయగలదు.

వైరసువలన కలుగు హాని

ఈ వైరసు మూత్రపిండములను నేరుగ పట్టగలదని మొదట లోకమునకు తెలిపినది 1984 లో. న్యూయార్కులోని బ్రూక్లిన్‌యందు వైద్యులైన టి. కె. శ్రీపాదరావు గారును, వారి సహచరులును, ఎయిడ్సు రోగులలో కొందరి మూత్రమున మాంసకృత్తులు విశేషముగ పోవుచున్నట్లును, జల్లెడ గుచ్ఛములు మచ్చగట్టి ముడుచుకొని పోవుచున్నట్లును కనుగొనిరి. ఆ రోగము పట్టినవారి మూత్రపిండములు కొలది మాసములలోనే పూర్తిగ చెడిపోవుచుండెను. నాడు దానికి మందు లేదు.

ఈ రోగము పశ్చిమాఫ్రికా మూలములు గలవారిలోనే ఎక్కువగ కనబడుటకు కారణము 2010 లో తెలిసినది. ఆఫ్రికాలో నిద్రరోగము అను భయంకర వ్యాధి కలదు. దానినుండి రక్షించు ఒక జన్యుభేదము ఆ ప్రాంత ప్రజలలో తరతరములుగ వ్యాపించినది. ఆ జన్యువే రెండు ప్రక్కలనుండి సంక్రమించినచో మూత్రపిండములకు చేటు తెచ్చుచున్నది. ఒక రోగమునకు కవచమైనది మరియొక రోగమునకు ద్వారమైనదన్నమాట. మన దేశీయులలో ఈ విధమైన రోగము చాల అరుదు.

అంతమాత్రమున మనకు భయము లేదని కాదు. మనవారి మూత్రపిండములకు హాని వచ్చు దారులు వేరు. చికిత్స లేక శరీరబలము క్షీణించినవారికి విడువని విరేచనములు పట్టును. ఒంటి నీరు పోయి, రక్తపుపోటు పడిపోయి, మూత్రపిండములు ఒక్కసారిగ మందగించును. క్షయ తోడైనప్పుడు వాడు మందులలో కొన్ని, విశేషించి స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ వంటి సూదిమందులు, నాళికలకు కఠినమైనవి. మెదడు పొరలకు వచ్చు బూజు వ్యాధికి ఇచ్చు ఆంఫోటెరిసిన్ కూడ నట్టిదే. కామెర్ల జాతికి చెందిన హెపటైటిస్ బి, సి వైరసులు వెంట నున్నచో అవియు జల్లెడకు చేటు చేయును. వీనికి తోడు వయస్సుతోపాటు వచ్చు మధుమేహము, రక్తపుపోటు. మూత్రపిండ రోగమునకు మన సీమలో పెద్ద కారణములు ఈ రెండే. హెచ్‌.ఐ.వి. ఉన్నంతమాత్రమున అవి మినహాయింపు నీయవు.

ఇక డెల్టాకు ఎగువనున్న మెట్ట ప్రాంతమున, ఎ. కొండూరు మండలపు తండాలలో, ఈ వైరసుతో సంబంధము లేని మూత్రపిండ రోగము చాలమందిని పట్టియున్నది. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము సంగతి అందరును ఎరిగినదే. ఇట్టి తావులయందు నివసించు హెచ్‌.ఐ.వి. రోగులు రెట్టింపు జాగ్రత్తతో నుండవలెను.

మందువలన కలుగు హాని

నేడు మన ఏ.ఆర్‌.టి. కేంద్రములలో చాలమందికి ఇచ్చు బిళ్ళ ఒక్కటియే. అందులో మూడు మందులు కలవు: టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50. దినమున కొక్కసారి వేసికొన్న చాలును. ఇట్టి మందులలో పెక్కు మన హైదరాబాదు, విశాఖపట్టణ ప్రాంతముల కర్మాగారములలో తయారై ఆఫ్రికా దేశములకు కూడ పోవుచున్నవి. వీనివలన లక్షలాది ప్రాణములు నిలచినవి. ఈ మాటను మొదట చెప్పి, తరువాతనే దోషమును చెప్పుట న్యాయము.

ఈ మూడింటిలో మూత్రపిండములతో పేచీ గలది టెనోఫోవిర్. దేహమున తన పని ముగించిన టెనోఫోవిర్ మూత్రముద్వారానే వెలుపలికి పోవలెను. నాళిక గోడలలోని కణములు దానిని రక్తమునుండి లాగికొని మూత్రములోనికి నెట్టును. లాగుకొనుట ఎక్కువై నెట్టుట తక్కువైనచో మందు ఆ కణములలోనే నిలువచేరి, వానికి శక్తి నిచ్చు సూక్ష్మాంగములను పాడుచేయును. అప్పుడు నాళిక తన పని మరచును. ఫాస్ఫేటు మూత్రములో పోవును. మధుమేహము లేకున్నను మూత్రమున చక్కెర కనబడును. ఏండ్లు గడచినచో ఎముకలు బలహీనమై నొప్పులు పుట్టును.

ఇది అందరికిని వచ్చునది కాదు. కొద్దిమందికే వచ్చును. ఆ కొద్దిమంది ఎవరను సంగతి చాలవరకు ముందుగనే ఊహింపవచ్చును. వయస్సు మళ్ళినవారు, బరువు తక్కువైనవారు, మధుమేహముగాని రక్తపుపోటుగాని గలవారు, మందు మొదలుపెట్టునాటికే మూత్రపిండములు కొంత దెబ్బతిన్నవారు, టెనోఫోవిర్‌తోపాటు రిటోనావిర్ అను మందు పుచ్చుకొనుచున్నవారు ఈ లెక్కలోనివారు. రెండవ వరుస చికిత్సలో వాడు అటజనావిర్ మరియొక విధముగ బాధించును. అది మూత్రములో స్ఫటికములుగ పేరుకొని కొందరికి రాళ్ళు పుట్టించును. కావున నడుములో తీవ్రమైన నొప్పి వచ్చినప్పుడు తాము వాడు మందు పేరును వైద్యునికి తప్పక చెప్పవలెను.

రెండు పరీక్షలు, ఒక తెలుగువాడు

మూత్రపిండముల స్థితిని తెలిసికొనుటకు ఖరీదైన యంత్రము లక్కరలేదు. మూత్రములో ముంచి చూచు కాగితపు పుల్ల యొకటి, రక్తములో క్రియాటినిన్ పరీక్ష యొకటి చాలును. పుల్ల రంగు మారినచో జల్లెడనుండి మాంసకృత్తులు కారుచున్నవని అర్థము. జ్వరమునను, ఎండలో మిక్కిలి శ్రమ చేసినప్పుడును కొంచెము కారుట కద్దు. కావున ఒక్కసారి కనబడినంతనే దిగులుపడక, కొన్ని వారముల తరువాత మరల చూపించుకొనవలెను. మూడు మాసములకు పైబడి నిలచిన దోషమునే దీర్ఘరోగ మందురు.

క్రియాటినిన్ అనునది కండరములలో పుట్టు మలినము. దీని పుట్టుక వెనుక నున్న రసాయన రహస్యమును వెలికి తీసినవారిలో మన తెలుగువాడే యున్నాడు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చెన్నపట్టణమున వైద్యము చదివి, 1923 లో అమెరికాలోని హార్వర్డు చేరిరి. అచ్చట సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలసి, రక్తమునను మూత్రమునను ఉన్న ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925 లో ప్రకటించిరి. ఆ పరిశోధన సాగుచుండగనే కండరములకు శక్తిని నిలువచేసి యిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొని, 1927 లో లోకమునకు తెలిపిరి. కండరములలోని ఆ ఫాస్ఫోక్రియాటిన్, క్రియాటిన్‌లే కొంతకొంతగ క్రియాటినిన్‌గా మారి రక్తమున చేరుచుండును. మూత్రపిండము దానిని వెలుపలికి పంపుచుండును. పంపుట తగ్గినచో రక్తములో దాని పాలు పెరుగును. టెనోఫోవిర్‌వలన నాళిక చెడినదా యని తెలిసికొనుటకు చూచు రక్తపు ఫాస్ఫరసు పరీక్షకును సుబ్బారావు గారి పద్ధతియే మూలములలో నొకటి. డెల్టాలో పుట్టిన ఒక మనిషి నూరేండ్లనాడు చేసిన పని నేటి డెల్టా రోగికి ఈ విధముగ అక్కరకు వచ్చుచున్నది.

అయితే ఈ క్రియాటినిన్ అంకెను చదువుటలో ఒక మెలకువ కలదు. అది కండనుబట్టి పుట్టునది గనుక, కండ తక్కువైనవారికి తక్కువగనే పుట్టును. ఒకే అంకె ఇద్దరికి రెండు వేరు అర్థముల నిచ్చును. కెనడా దేశమున కాక్‌క్రాఫ్టు, గాల్టు అను వైద్యులు 1976 లో ఇందు కొక సులభమైన లెక్క చెప్పిరి. 140 నుండి వయస్సును తీసివేసి, మిగిలినదానిని కిలోల బరువుతో హెచ్చవేయవలెను. వచ్చినదానిని, 72 ను క్రియాటినిన్‌తో హెచ్చవేసిన మొత్తముచేత భాగింపవలెను. స్త్రీలకైనచో తుదకు 0.85 తో హెచ్చవేయవలెను. వచ్చు సంఖ్య, నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్ల రక్తము శుభ్రపడుచున్నదో తెలుపును.

ఉదాహరణమునకు, విజయవాడ ఆటోనగరులో పనిచేయు ముప్పదేండ్ల మెకానిక్కు నొకని తీసికొందము. బరువు 75 కిలోలు, క్రియాటినిన్ 1.2. లెక్క వేయగా 95 వచ్చును. అతని మూత్రపిండములు చక్కగ నున్నవి. ఇక దివిసీమలో నాట్లు వేయు ఏబదియైదేండ్ల కూలి స్త్రీని తీసికొందము. బరువు 45 కిలోలు, క్రియాటినిన్ అదే 1.2. ఆమెకు వచ్చు సంఖ్య 38 మాత్రమే. ఈ సంఖ్య 50 కంటె తగ్గినచో టెనోఫోవిర్ బదులు వేరు మందు ఆలోచింపవలెనని మన జాతీయ నియమము. కాగితముపై ఇద్దరి అంకెయు ఒక్కటియే. ఒకరికి భయము లేదు, ఒకరికి మందు మార్పు అవసరము. అందుచేత పరీక్షకు పోయినప్పుడు బరువు తూచుట మరువరాదు. "అంకె మామూలుగనే యున్నది" అను మాటతో తృప్తిపడక, లెక్క ఎంత వచ్చినదని అడుగవలెను.

దీనికి విపరీతమైన సందర్భము కూడ నొకటి యున్నది. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టిన నెలలోపల చాలమందికి క్రియాటినిన్ 0.1 మొదలు 0.2 వరకు పెరుగును. ఇది రోగము కాదు. నాళికలు కొంత క్రియాటినిన్‌ను స్వయముగ వెలుపలికి నెట్టును. ఈ మందు ఆ ఒక్క ద్వారమును మూయును. జల్లెడ పని యథాప్రకారము సాగుచునే యుండును. కోట్రైమాక్సజోల్ బిళ్ళయు ఇట్లే చేయగలదు. ఆ కొంచెపు పెరుగుదల అచ్చటనే నిలచినచో భయము లేదు. నెలనెలకు ఎక్కుచు పోయినను, మూత్రమున మాంసకృత్తులు కనబడినను వైద్యుడు కారణము వెదకును. ఈ భేదము తెలియకయే పలువురు మందు మానుచున్నారు.

చికిత్స

మొదటి సూత్రము: వైరసును అణచు మందును ఎవరికి వారు మానరాదు. వైరసువలన వచ్చు మూత్రపిండ రోగమునకు ఆ మందే ప్రధాన చికిత్స. 1984 లో బ్రూక్లిన్ వైద్యులు చూచిన ఆ భయంకర రోగము నేడు అరుదగుటకు ఈ మందులే కారణము. హెపటైటిస్ బి కూడ నున్నవారు టెనోఫోవిర్‌ను హఠాత్తుగ మానినచో కాలేయమునకు పెద్ద చేటు మూడును. ఏలన, ఆ వైరసును అణచుచున్నదియు అదియే.

రెండవది, మందు మానుట వేరు, మార్చుట వేరు. నాళికలు చెడుచున్నవని తేలినచో వైద్యుడు టెనోఫోవిర్‌ను తీసి అబకావిర్ ఇచ్చును. లేదా టెనోఫోవిర్ అలాఫెనమైడ్ అను, రక్తమున తక్కువగ తిరుగు రూపము నిచ్చును. వేళకు మార్చినచో నాళికలు చాలవరకు కోలుకొనును. అబకావిర్ మొదలుపెట్టిన మొదటి వారములలో జ్వరము, దద్దుర్లు, వాంతులు కలిసి వచ్చినచో వెంటనే కేంద్రమునకు పోవలెను. లామివుడిన్ మోతాదును మూత్రపిండముల శక్తినిబట్టి వైద్యుడు సవరించును. డోలుటెగ్రావిర్‌కు అట్టి సవరణ అక్కరలేదు. అయితే మూత్రపిండ రోగులకు తరచుగ వ్రాయు ఇనుము, కాల్షియము బిళ్ళలను దానితో కలిపి పుచ్చుకొనరాదు. డోలుటెగ్రావిర్ వేసికొన్న రెండు గంటల తరువాతగాని, ఆరు గంటలకు ముందుగాని వానిని వేసికొనవలెను. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ వాడువారు ఆ సంగతి తప్పక చెప్పవలెను. డోలుటెగ్రావిర్ దాని బలమును రక్తమున పెంచును.

మూడవది, జల్లెడను కాపాడుట. రక్తపుపోటు 130, 80 లకు లోబడి యుండవలెను. మూత్రమున మాంసకృత్తులు పోవుచున్నవారికి ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు పోటును తగ్గించుటయే గాక జల్లెడపై ఒత్తిడిని కూడ తగ్గించును. గర్భిణులు వీనిని వాడరాదు. వాడువారు రక్తములోని పొటాషియమును పరీక్షించుకొనుచుండవలెను. ఊరగాయలు, అప్పడములు, ఉప్పుచేపలు లేనిదే మన భోజనము సాగదు. ఉప్పు తగ్గించుమని చెప్పుట మాకును కష్టముగనే యున్నది. అయినను చెప్పక తప్పదు.

నాల్గవది, నొప్పి బిళ్ళలు. నాట్లవేళను, కోతలవేళను నడుము నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించుకొని మరునాడు మరల చేనికి పోవు వారు మన పల్లెలలో ఎందరో కలరు. ఈ జాతి మందులు మూత్రపిండమునకు రక్తము వచ్చు దారిని సన్నము చేయును. ఒకవైపు టెనోఫోవిర్, ఒకవైపు నొప్పి సూది, పైన విజయవాడ వేసవి యెండ, త్రాగుటకు చాలినంత నీరు లేకుండుట: ఈ నాలుగును కలసినచో ఒక్క వారములోనే మూత్రపిండములు చేతులెత్తివేయవచ్చును. హెచ్‌.ఐ.వి. గలవారు నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టుకొనుట మేలు. విరేచనములు పట్టినపుడు ఉప్పు, పంచదార కలిపిన నీరు మొదటి గంటనుండియే త్రాగవలెను. దినుసు తెలియని భస్మములకును, మూలికల పొడులకును దూరముగ నుండవలెను.

పూర్తిగ చెడినప్పుడు

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను కొందరికి మూత్రపిండములు పూర్తిగ నిలచిపోవును. అప్పుడు డయాలిసిస్ చేయవలెను. యంత్రముద్వారా రక్తమును శుభ్రపరచు ఈ పద్ధతి హెచ్‌.ఐ.వి. గలవారికి తక్కినవారికి వలెనే పనిచేయును. దీనిని గూర్చి ప్రజలలోనే గాక కొందరు వైద్యసిబ్బందిలో కూడ అనవసరమైన భయము కలదు. యంత్రములోని పొర రంధ్రములకంటె హెచ్‌.ఐ.వి. వైరసు అనేక రెట్లు పెద్దది. అది ఆ పొరను దాటదు. ప్రతి రోగికిని పాటింపవలసిన సాధారణ శుభ్రతా నియమములను పాటించినచో చాలును. హెపటైటిస్ బి కి వలె ప్రత్యేక యంత్రము అవసరము లేదని అమెరికా ప్రభుత్వపు రోగనివారణ కేంద్రము ఎన్నడో తేల్చినది.

మన దేశమున 2017 లో ఇందుకై ఒక చట్టము చేయబడి, 2018 సెప్టెంబరు 10 వ తేదీన అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము హెచ్‌.ఐ.వి. కారణముగ ఏ వైద్యశాలయు వైద్యమును నిరాకరింపరాదు. రోగి సమ్మతి లేకుండ ఆ సంగతిని ఇతరులకు తెలుపరాదు. అన్యాయము జరిగినచో చట్టప్రకారము నియమితుడైన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. ఖర్చు సంగతి చూడగా, 2016 లో మొదలైన జాతీయ డయాలిసిస్ పథకము బీదలకు ఉచితముగ ఈ చికిత్స నిచ్చుచున్నది. 2007 లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమై, 2024 లో డాక్టరు ఎన్‌.టి.ఆర్‌. వైద్యసేవగా పేరు మారిన రాష్ట్ర పథకములోను డయాలిసిస్ చేరియున్నది.

మూత్రపిండ మార్పిడి కూడ ఒకప్పుడు వీరికి తగదని తలచెడివారు. అమెరికాలో 150 మంది హెచ్‌.ఐ.వి. రోగులకు మార్పిడి చేసి పరిశీలించిన ఫలితములు 2010 లో వెలువడినవి. మూడేండ్ల పిమ్మట వారిలో నూటికి 88 మంది జీవించియుండిరి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌యందు ఎల్మీ ముల్లర్ అను శస్త్రవైద్యురాలు మరియొక అడుగు ముందుకు వేసిరి. ఆ దేశమున ఈ రోగులకు డయాలిసిస్ కూడ దొరకని రోజులలో, 2008 లో, హెచ్‌.ఐ.వి. గల మృతుల మూత్రపిండములను హెచ్‌.ఐ.వి. గల రోగులకే అమర్చి వారిని బ్రతికించిరి. దానిని చూచి అమెరికా 2013 లో తన చట్టమును మార్చుకొన్నది. 2024 లో అట్టి మార్పిడిని పరిశోధన పరిధినుండి తప్పించి మామూలు వైద్యముగ అంగీకరించినది.

ఈ దూరదేశపు వార్తలు ధైర్యము చెప్పుటకే. మన చేతిలో నున్న పని అంతకంటె చిన్నది, సులభమైనది. విజయవాడ, గుంటూరు, బందరు ప్రభుత్వ ఆసుపత్రులలో ఏ.ఆర్‌.టి. కేంద్రము లున్నవి. మందు మొదలుపెట్టుటకు ముందును, ఆ పిమ్మట ఆరేసి నెలల కొకమారును, మందుల కొఱకు పోయిన దినముననే క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుమని అడుగవలెను. ఫలితములను ఒక నోటుపుస్తకములో తేదీలతో వ్రాసికొనవలెను. వేరు జబ్బునకు వేరు వైద్యుని యొద్దకు పోయినప్పుడు ఆ పుస్తకమును చూపవలెను. సందేహమున్నచో 1097 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. దానికి రుసుము లేదు.

ఇక ఇరుగుపొరుగువారికి ఒక మనవి. బిళ్ళ వేసికొనుచున్న మనిషితో "అది మానుము" అని చెప్పుట సులభము. ఆ మాటవలన ఒక ప్రాణము పోవచ్చును. "పరీక్ష చేయించుకొంటివా, పదము, నేనును వత్తును" అని చెప్పి వెంట నడచుటకు ఒక పూట పని పోవును. ఆ పూట మన మియ్యగలిగినచో, ఇరువదేండ్లుగ ఆ బిళ్ళ నిలిపిన ప్రాణమును మూత్రపిండములు కూడ నిలుపును.